క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్: పీహెచ్‌డీయా, సైడీయా, ఇక్కడా, విదేశంలోనా?

ఎంఏ లేదా ఎంఎస్సీ సైకాలజీ చివరి ఏడాదిలో ఉన్న విద్యార్థులు, వారి తల్లిదండ్రులు అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్ ఇక్కడ చేయడం మేలా, అమెరికా వెళ్లడం మేలా, పీహెచ్‌డీ మంచిదా, సైడీ (డాక్టర్ ఆఫ్ సైకాలజీ అనే డాక్టరేట్) మంచిదా అని అడుగుతారు. దీనికి జవాబు చెప్పాలంటే ముందుగా ఇంకొక విషయం తేలాలి. మీరు ఏ దేశంలో, ఏ చట్టం కింద రోగులను చూడదలచుకున్నారు? డాక్టరేట్ పట్టాను విశ్వవిద్యాలయం ఇస్తుంది. రోగిని పరీక్షించి చికిత్స చేసే హక్కును మాత్రం వేరొక సంస్థ ఇస్తుంది. ఆ సంస్థ భారతదేశంలో భారత పునరావాస మండలి, అంటే అందరూ ఆర్‌సీఐ అని పిలిచే సంస్థ, అమెరికాలో ఆయా రాష్ట్రాల లైసెన్సింగ్ బోర్డు, బ్రిటన్‌లో హెచ్‌సీపీసీ. వీటి నిబంధనలు ఒకదానితో ఒకటి కలవవు. ఒక చోట పూర్తి అర్హతగా చెల్లిన చదువు మరొక చోట సగం అర్హతగానే మిగిలిపోవచ్చు. కాబట్టి మీ పేరు ఏ రిజిస్టరులో ఉండాలో మొదట నిర్ణయించుకుని, ఆ తరువాతే పట్టా సంగతి చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఈ తేడా తెలియక తెలుగు రాష్ట్రాల్లో నష్టపోతున్నవారు తక్కువేమీ కాదు. విశ్వవిద్యాలయంలోని సైకాలజీ విభాగంలో ఏళ్ల తరబడి శ్రమించి పీహెచ్‌డీ పొందిన వ్యక్తి తన పేరుకు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చు, కళాశాలలో పాఠాలు చెప్పవచ్చు, పరిశోధన కొనసాగించవచ్చు. కానీ ఆసుపత్రిలో పర్యవేక్షణతో కూడిన గుర్తింపు పొందిన శిక్షణ లేకపోతే, ఆర్‌సీఐ నిర్వహించే కేంద్ర పునరావాస రిజిస్టరులో క్లినికల్ సైకాలజిస్టుగా ఆ వ్యక్తి పేరు చేరదు. నమోదు లేకుండా ఈ వృత్తి చేసేవారికి ఏడాది వరకు జైలు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చని 1992 నాటి ఆర్‌సీఐ చట్టంలోని 13వ సెక్షన్ చెబుతోంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో నిర్వచిస్తూ, ఆర్‌సీఐ గుర్తించిన క్లినికల్ సైకాలజీ అర్హతను గానీ, పీజీ తరువాత పర్యవేక్షణతో కూడిన శిక్షణ ఉన్న రెండేళ్ల పూర్తికాలపు ఎంఫిల్‌ను గానీ పేర్కొంది. పీహెచ్‌డీ ప్రస్తావన ఆ నిర్వచనంలో లేదు. డబ్బు కట్టించుకుని కొద్ది వారాల్లో గౌరవ డాక్టరేట్ చేతిలో పెట్టే సంస్థల గురించి అయితే చర్చించవలసిన పని కూడా లేదు. వాటి జోలికి వెళ్లకండి.

భారతదేశంలోని దారులు

మన దేశంలో ఈ వృత్తికి శిక్షణ పాతదే. ఇప్పుడు నిమ్హాన్స్‌గా ఉన్న బెంగళూరు మానసిక వైద్య సంస్థలో 1955 నుంచే మెడికల్ సైకాలజీలో డిప్లొమా ఉండేది. అదే క్రమంగా రెండేళ్ల ఎంఫిల్‌గా మారింది. రాంచీలోని కేంద్రీయ మనోరోగ చికిత్సా సంస్థ వంటి ఇతర సంస్థలు కూడా అదే బాటలో నడిచాయి. ఈ ఎంఫిల్ పేరుకు పరిశోధన పట్టాలా కనిపించినా, పనిలో అది పూర్తిగా ఆసుపత్రి శిక్షణ. వైద్య విద్యార్థికి వార్డు ఎలాంటిదో ఈ విద్యార్థికి ఓపీ గది అలాంటిది.

ఆ గదిలో ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడడం అవసరం, ఎందుకంటే డాక్టరేట్లను పోల్చేటప్పుడు అసలు కొలత అదే. రాయలసీమ పల్లె నుంచి ఒక తల్లి తన కూతురిని తీసుకొస్తుంది. గుండె దడ, తల బరువు, ఒళ్లంతా మంటలు, తిండి సయించడం లేదని చెబుతుంది. దిగులు అన్న మాట ఎక్కడా రాదు. శిక్షణలో ఉన్న విద్యార్థి తల్లి చెప్పేది ఒకసారి, అమ్మాయి చెప్పేది విడిగా ఒకసారి విని, బాల్యం, చదువు, పెళ్లి, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉండేదా అన్న వివరాలన్నీ రాసుకోవాలి. మాట తీరును, ఆలోచన క్రమాన్ని, మనోస్థితిని పరిశీలించాలి. తెలివితేటలు అంచనా వేయవలసి వస్తే బినే-కామత్ పరీక్ష, ఆలోచనా ధోరణి తెలుసుకోవాలంటే రోర్షాక్ సిరా మరకల పరీక్ష, జ్ఞాపకశక్తి దెబ్బతిన్నదన్న అనుమానం ఉంటే నిమ్హాన్స్ న్యూరోసైకాలజీ బ్యాటరీ, ఇలా ఏ పరీక్ష ఎందుకో పర్యవేక్షకుల ముందు సమర్థించుకోవాలి. రాసిన నివేదిక ఎర్ర సిరా గీతలతో తిరిగి వస్తుంది, మళ్లీ రాయాలి. ఆత్మహత్య ఆలోచన గురించి అడగవలసిన ప్రశ్నను అడగడం ఎందుకు మరిచిపోయావని గట్టిగా అడిగే పర్యవేక్షకులు ఉన్న చోటే ఈ పని వంటబడుతుంది. ఏ దేశంలో ఏ డాక్టరేట్‌ను ఎంచుకున్నా, ఇటువంటి పర్యవేక్షణ వారానికి ఎన్ని గంటలు, ఎవరి దగ్గర దొరుకుతుందన్నదే మీరు మొదట అడగవలసిన విషయం.

అయితే ఈ ఎంఫిల్ దారి ఇప్పుడు మలుపులో ఉంది. జాతీయ విద్యా విధానం 2020 ఎంఫిల్‌ను రద్దు చేయాలని చెప్పింది. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు దాన్ని అమలులోకి తెచ్చాయి. ఆసుపత్రులకు క్లినికల్ సైకాలజిస్టుల అవసరాన్ని దృష్టిలో పెట్టుకుని, క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్‌లకు మాత్రం 2025-26 విద్యా సంవత్సరం వరకు ప్రవేశాలు జరుపుకోవచ్చని యూజీసీ 2024 జనవరిలో వెసులుబాటు ఇచ్చింది. దీనికి ప్రత్యామ్నాయంగా ఆర్‌సీఐ కొత్త పాఠ్యక్రమాలను ముందుకు తెచ్చింది. వాటిలో క్లినికల్ సైకాలజీలో ఎంఏ ఒకటి, నాలుగేళ్ల పూర్తికాలపు సైడీ మరొకటి. సైడీ అంటే పరిశోధన కన్నా చికిత్సా శిక్షణకు ఎక్కువ బరువు ఇచ్చే డాక్టరేట్.

ఇక్కడ చేరేవారు చేయవలసిన పని ఒకటుంది, దీన్ని ఏ కారణంతోనూ వాయిదా వేయకూడదు. ఒక సంస్థలోని ఒక కోర్సుకు ఆర్‌సీఐ ఇచ్చే ఆమోదం శాశ్వతం కాదు, ఫలానా విద్యా సంవత్సరం వరకు అని ఉంటుంది. కాబట్టి కళాశాల కరపత్రంలో ఆర్‌సీఐ గుర్తింపు ఉందని రాసి ఉన్నంత మాత్రాన తృప్తి పడకుండా, ఆర్‌సీఐ వెబ్‌సైటులోని ఆమోదిత సంస్థల జాబితాలో ఆ కోర్సు పేరు, మీరు చేరే బ్యాచ్ సంవత్సరం, అనుమతించిన సీట్ల సంఖ్య, ఈ మూడూ సరిపోతున్నాయో లేదో మీరే చూసుకోవాలి. సికింద్రాబాద్ చుట్టుపక్కల పునరావాస శిక్షణకు పేరున్న సంస్థలు ఉన్నందువల్ల తెలుగు విద్యార్థులకు ఇంటికి దగ్గరలో అవకాశం దొరకవచ్చు. కానీ దగ్గరగా ఉండడం వేరు, ఆ ఏడాది బ్యాచ్‌కు ఆమోదం ఉండడం వేరు.

ఇక పీహెచ్‌డీ. యూజీసీ నిబంధనల ప్రకారం కనీస కాలం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. మహిళలకు, దివ్యాంగులకు అదనపు సడలింపు ఉంది. ప్రవేశానికి యూజీసీ నెట్ స్కోరు ఇప్పుడు కీలకం. అందులో జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి అమలులో ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 రూపాయలు ఫెలోషిప్‌గా అందుతాయి. అధ్యాపక వృత్తికి, పరిశోధనకు ఇది సరైన దారి. మానసిక వైద్యశాలతో అనుబంధం ఉన్న విభాగంలో, రోగులతో నిత్యం పనిచేసే మార్గదర్శకుల దగ్గర చేసే పీహెచ్‌డీకి విలువ ఎక్కువ. అయితే ఒకే వ్యక్తికి రెండూ కావాలంటే, ముందు రిజిస్ట్రేషన్ ఇచ్చే శిక్షణ, ఆ తరువాత పీహెచ్‌డీ అన్న వరసను నేను సిఫారసు చేస్తాను. తిరగేసి చేస్తే, ముప్పై ఏళ్లు దాటాక మళ్లీ ప్రవేశ పరీక్ష రాసి, తమకన్నా చిన్నవారితో కలిసి రెండేళ్లు పూర్తికాలం శిక్షణలో కూర్చోవలసి వస్తుంది. పెళ్లి, పిల్లలు, ఇంటి బాధ్యతలు మొదలైన దశలో అది చాలామందికి సాధ్యపడదు. పైగా 2022 నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని అనుమతిస్తున్నాయి కనుక, రిజిస్ట్రేషన్‌తో ఉద్యోగంలో చేరి, యాజమాన్యం అనుమతి పత్రంతో పరిశోధన కొనసాగించే వీలుంది. రిజిస్ట్రేషన్ ఇచ్చే శిక్షణకు మాత్రం అటువంటి పార్ట్‌టైమ్ వీలు లేదు.

ఇక్కడి సైడీని, శిక్షణ తరువాత చేసే పీహెచ్‌డీని పక్కపక్కన పెట్టి చూస్తే, క్లినిక్ లేదా ఆసుపత్రి మాత్రమే లక్ష్యంగా ఉన్నవారికి సైడీ ఒకే ప్రయాణంలో పని పూర్తి చేస్తుంది. విశ్వవిద్యాలయ ఉద్యోగం మీద ఆశ ఉన్నవారు మాత్రం జాగ్రత్తగా ఆలోచించాలి. అధ్యాపక నియామక ప్రకటనల్లో పీహెచ్‌డీ, నెట్ అన్న మాటలే కనిపిస్తాయి, సైడీ మన దేశంలో ఇంకా కొత్త. ఆ కోర్సు నడిపే సంస్థలు కొద్దే కాబట్టి, మొదటి బ్యాచ్‌లలో చదివినవారు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో వాకబు చేయడం సులభమే, అవసరం కూడా.

అమెరికాలో రెండు డాక్టరేట్లు

అమెరికాలో ఈ రెండు పట్టాల మధ్య తేడాకు ఒక చరిత్ర ఉంది. రెండవ ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల మానసిక సమస్యలను చూసేందుకు పెద్ద సంఖ్యలో నిపుణులు అవసరమైనప్పుడు, 1949లో కొలరాడోలోని బౌల్డర్‌లో జరిగిన సమావేశం క్లినికల్ సైకాలజిస్టు శాస్త్రవేత్తగానూ, చికిత్సకుడిగానూ ఉండాలని తీర్మానించింది. పీహెచ్‌డీ ఆ నమూనా మీద నిలిచింది. అందరికీ అంత పరిశోధన అవసరమా అన్న వాదన బలపడగా 1968లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో తొలి సైడీ మొదలైంది. 1973లో కొలరాడోలోనే వేల్‌లో జరిగిన సమావేశం దానికి ఆమోదం తెలిపింది. ఈ రెండింటిలో ఏది చేసినా లైసెన్సు ఒకటే, చికిత్స చేసే హక్కు ఒకటే. తేడా అంతా ప్రవేశంలో, ఖర్చులో, రోజువారీ చదువులో ఉంది.

పీహెచ్‌డీలో ప్రవేశం అంటే ఒక ఆచార్యుడి ప్రయోగశాలలో చోటు సంపాదించడమే. విభాగం ఏడాదికి చాలా తక్కువమందినే తీసుకుంటుంది. మంచి విభాగాల్లో వందల దరఖాస్తులకు పది లోపు సీట్లు ఉండడం సర్వసాధారణం. మార్కుల కన్నా మీ పరిశోధన ఆసక్తి ఆ ఆచార్యుడి పనితో కలుస్తుందా లేదా అన్నదే ఎక్కువ లెక్కకు వస్తుంది. జీఆర్‌ఈని అనేక విభాగాలు ఇప్పుడు అడగడం లేదు. వాళ్లు అడిగేది పరిశోధన అనుభవం, అంటే డేటా సేకరణ, విశ్లేషణ, ప్రచురణలో భాగస్వామ్యం. నిమ్హాన్స్‌లో గానీ, గోవాలోని సంగత్ వంటి పరిశోధనా సంస్థలో గానీ ఒకటి రెండేళ్లు రీసెర్చ్ అసిస్టెంటుగా పనిచేసిన విద్యార్థి దరఖాస్తు, కేవలం మంచి మార్కులున్న దరఖాస్తు కన్నా బలంగా నిలుస్తుంది. దరఖాస్తుల గడువు సాధారణంగా డిసెంబరు మొదట్లో ముగుస్తుంది, ఇంటర్వ్యూలు జనవరి, ఫిబ్రవరిల్లో జరుగుతాయి, ఏప్రిల్ 15 నాటికి నిర్ణయం చెప్పాలి. ఆ ముందు వేసవిలోనే ఆచార్యులు ఆ ఏడాది విద్యార్థులను తీసుకుంటున్నారో లేదో తెలుసుకోవాలి. ఆ ఏడాది ఎవరినీ తీసుకోని ఆచార్యుడికి దరఖాస్తు చేస్తే ఫీజు వృథా. చదువు ఇంటర్న్‌షిప్‌తో కలిపి 5 నుంచి 7 ఏళ్లు. ఫీజు మాఫీ, స్టైపెండు సాధారణంగా ఉంటాయి.

సైడీ బ్యాచ్‌లు పెద్దవి, ప్రవేశం కొంత సులభం, కాలం కొంత తక్కువ; చికిత్సా శిక్షణ మొదటి ఏడాది నుంచే మొదలవుతుంది. అయితే ఖర్చు విద్యార్థిదే. ప్రైవేటు సంస్థల్లో ట్యూషన్ ఫీజు ఒక్కటే ఏడాదికి 40 వేల డాలర్లకు అటూ ఇటూ ఉండడం మామూలు; బస, భోజనం, బీమా కలిపి నాలుగైదేళ్లు లెక్క వేస్తే అది ఆంధ్రలో ఒక మధ్యతరగతి కుటుంబం ఉన్న పొలం, ఇల్లు రెండూ అమ్మినా తీరని మొత్తం కావచ్చు. టెక్సాస్‌లోని బేలర్ విశ్వవిద్యాలయం వంటి కొన్ని చోట్ల సైడీకి కూడా ఫీజు మినహాయింపు, స్టైపెండు ఉంటాయి కాబట్టి సైడీ అంతా అప్పే అనుకోవడం పొరపాటు. కానీ అటువంటి చోట ప్రవేశం పీహెచ్‌డీ అంత కష్టం. ఇంకొక ప్రమాదాన్ని కూడా మనసులో పెట్టుకోవాలి. లాభాపేక్ష చరిత్ర ఉన్న ఆర్గోసీ విశ్వవిద్యాలయం 2019 మార్చిలో, సెమిస్టరు మధ్యలో, ఫెడరల్ నిధులు ఆగిపోయి మూతపడింది. అందులో సైడీ చదువుతున్నవారు ఇతర సంస్థల తలుపులు తట్టవలసి వచ్చింది. సంస్థ ఆర్థిక స్థితిని, దాని వయసును పరిశీలించడం అనుమానపు మనస్తత్వం అనిపించుకోదు.

ఏ సంస్థ ఎలాంటిదో తెలుసుకోవడానికి మంచి ఆధారం బహిరంగంగానే ఉంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న ప్రతి డాక్టరేట్ కార్యక్రమమూ తన వెబ్ పేజీలో ప్రవేశాలు, ఖర్చులు, ఫలితాల పట్టికను ఏటా ప్రచురించాలి. ఆ పట్టికను నాలుగు చోట్ల నిదానంగా చదవండి. మొదటిది, డిగ్రీ పూర్తి కావడానికి పట్టిన సగటు, మధ్యస్థ కాలం. కరపత్రంలో ఐదేళ్లని ఉండి, ఇక్కడ ఏడేళ్లు కనిపిస్తే రెండేళ్ల అదనపు ఖర్చు మీది. రెండవది, మధ్యలో మానేసినవారి సంఖ్య. బ్యాచ్ తరువాత బ్యాచ్‌లో అది పెరుగుతుంటే కారణం అడగాలి. మూడవది ఇంటర్న్‌షిప్ దొరికిన నిష్పత్తి. అందులోనూ మొత్తం ఎంతమందికి దొరికింది అన్న వరస కన్నా, గుర్తింపు ఉన్న ఇంటర్న్‌షిప్ ఎంతమందికి దొరికింది అన్న వరస ముఖ్యం. ఈ రెండు అంకెల మధ్య దూరం ఎక్కువగా ఉంటే ఆ కార్యక్రమం తన విద్యార్థులను సరిగా తయారు చేయడం లేదని అర్థం చేసుకోవచ్చు. నాలుగవది లైసెన్సు పొందినవారి శాతం. ఈ పట్టికే దొరకని కార్యక్రమానికి ఆ గుర్తింపు లేనట్టే భావించి, మరో చోటు చూసుకోవడం క్షేమం. గుర్తింపు లేని డాక్టరేట్‌తో లైసెన్సు కొన్ని రాష్ట్రాల్లో అసలు రాదు, వచ్చిన చోట కూడా ఉద్యోగాల దారులు మూసుకుపోతాయి.

మన దేశం నుంచి ఎఫ్-1 వీసా మీద వెళ్లేవారికి ఇంకొన్ని చిక్కులు ఉన్నాయి, వీటిని ప్రవేశం ఇచ్చే సంస్థలు తమంతట తాము చెప్పవు. డాక్టరేట్ చివర ఏడాది పూర్తికాలపు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఏపీపీఐసీ అనే సంస్థ నిర్వహించే జాతీయ మ్యాచింగ్ ద్వారా అది దొరుకుతుంది. దేశంలో సైకాలజీ శిక్షణ ఎక్కువగా ఇచ్చే మాజీ సైనికుల ఆసుపత్రులు, అంటే వీఏ ఆసుపత్రులు, అమెరికా పౌరులను మాత్రమే ఇంటర్న్‌లుగా తీసుకుంటాయి. అంటే మంచి ఇంటర్న్‌షిప్‌లలో పెద్ద భాగం మొదటి నుంచే మీకు అందుబాటులో ఉండదు. ఆ ఇంటర్న్‌షిప్‌ను సీపీటీ (చదువులో భాగంగా పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) మీద చేస్తే, పూర్తికాలపు సీపీటీ 12 నెలలు నిండిన వారికి అదే స్థాయి చదువు మీద ఓపీటీ (చదివిన రంగంలోనే కొంతకాలం పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) అర్హత పోతుంది. డిగ్రీ తరువాత లైసెన్సుకు అవసరమైన పర్యవేక్షిత గంటలను అనేక రాష్ట్రాల్లో ఆ ఓపీటీ కాలంలోనే పూర్తి చేయవలసి ఉంటుంది కాబట్టి, ఈ విషయాన్ని విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంతో మొదటి ఏడాదిలోనే మాట్లాడి పెట్టుకోవాలి. అన్నీ దాటాక ఈపీపీపీ అనే 225 ప్రశ్నల పరీక్ష ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో 500 స్కేల్డ్ స్కోరు వస్తే ఉత్తీర్ణులైనట్టు.

అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు వీసా చిక్కు లేదు, వీఏ తలుపు కూడా తెరిచే ఉంటుంది. వారు చూసుకోవలసింది అప్పు. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ విద్యారుణాలు ఉండవు, మిగిలిన ఫెడరల్ రుణాలకు పరిమితులు వచ్చాయి. ఖర్చంతా రుణం మీద నెట్టుకు రావచ్చన్న పాత లెక్క ఇక పనిచేయదు. మరొక మాట కూడా ఈ కుటుంబాలకు చెప్పాలి. కౌన్సెలింగ్, మానసిక చికిత్స చేయడం ఒక్కటే లక్ష్యమైతే అమెరికాలో డాక్టరేట్ అవసరం లేదు. కౌన్సెలింగ్‌లో గానీ, సోషల్ వర్క్‌లో గానీ రెండు మూడేళ్ల మాస్టర్స్ చేసి, ఆ రాష్ట్రపు లైసెన్సు తీసుకుని స్వతంత్రంగా చికిత్స చేయవచ్చు. లోతైన మానసిక పరీక్షలు, న్యూరోసైకాలజీ, పరిశోధన, శిక్షణ ఇచ్చే స్థానం, ఇవి కావాలనుకున్నప్పుడే డాక్టరేట్‌కు పెట్టే ఏళ్లకు ఫలితం ఉంటుంది. నలుగురిలో పేరుకు ముందు డాక్టర్ అనిపించుకోవాలన్న ఒత్తిడితో పిల్లలను ఈ దారిలోకి నెట్టవద్దని తల్లిదండ్రులను వేడుకుంటున్నాను. ఇష్టం లేకుండా ఈ పనిలో కూర్చున్న వ్యక్తి వల్ల నష్టపోయేది ఎదుట కూర్చున్న రోగి.

బ్రిటన్

బ్రిటన్‌లో దారి ఒకటే కాబట్టి పోలిక తక్కువ. అక్కడ మూడేళ్ల డీక్లిన్‌సై డాక్టరేట్ ఉంది. ఎన్‌హెచ్‌ఎస్, అంటే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ, నిధులతో నడిచే సీట్లలో చేరినవారు శిక్షణలో ఉన్న ఉద్యోగులుగా ఆ సేవలోని బ్యాండ్ 6 శ్రేణి జీతం అందుకుంటారు. ఇంతకన్నా ఉదారమైన ఏర్పాటు నాకు తెలిసి మరే దేశంలోనూ లేదు. దరఖాస్తులు వాటిని స్వీకరించే లీడ్స్‌లోని క్లియరింగ్ హౌస్ అనే కార్యాలయం ద్వారా వెళ్తాయి. అసిస్టెంట్ సైకాలజిస్టు వంటి ఉద్యోగానుభవం లేకుండా ఎంపికైనవారు అరుదు. కానీ ఆ నిధుల సీట్లు ప్రధానంగా అక్కడ నివాస హక్కు ఉన్నవారివి. ఇక్కడి నుంచి నేరుగా వెళ్లదలచినవారికి కొన్ని విశ్వవిద్యాలయాల్లో సొంత ఖర్చుతో చదివే కొద్దిపాటి సీట్లు ఉంటాయి. అంతకన్నా, ఇక్కడ శిక్షణ పూర్తి చేసి కొన్నేళ్లు పనిచేసిన తరువాత అంతర్జాతీయ అభ్యర్థిగా హెచ్‌సీపీసీకి దరఖాస్తు చేసుకోవడం మేలని నేను అనుకుంటాను.

తిరిగి రావాలనుకునేవారికి

విదేశంలో చదివి హైదరాబాద్‌లోనో విశాఖలోనో స్థిరపడాలని అనుకునేవారు చాలామంది. విదేశీ అర్హతల గుర్తింపును ఆర్‌సీఐ చట్టంలోని 12వ సెక్షన్ ప్రస్తావిస్తుంది, కానీ అమెరికా సైడీ ఉన్నంత మాత్రాన ఇక్కడి రిజిస్ట్రేషన్ దానంతట అది రాదు. శిక్షణ గంటలు, పాఠ్యాంశాలు, పర్యవేక్షకుల అర్హతలు పరిశీలించి నిర్ణయిస్తారు. దీనితోపాటు భాష సంగతి ఉంది. ఆరేళ్లు ఇంగ్లిష్‌లోనే రోగులతో మాట్లాడి, ఇంగ్లిష్‌లోనే నివేదికలు రాసిన వ్యక్తికి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఓపీలో కూర్చున్న మొదటి వారం కష్టంగా ఉంటుంది. నరాల బలహీనత అని ఒకరు, గాలి సోకిందని ఒకరు, మనసు మనసులో లేదని మరొకరు చెప్పే మాటల వెనుక ఏముందో వినడం నేర్చుకోవాలంటే ఆ భాషలోనే, ఆ మనుషుల మధ్యే శిక్షణ కావాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 నంబరుకు తెలుగులో కాల్ చేసేవారికి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆసుపత్రులకు వచ్చేవారికి అటువంటి నిపుణులే అవసరం. తెలుగు జిల్లాల్లో పనిచేయడమే మీ కోరిక అయితే ఇక్కడి శిక్షణకు మొదటి ఓటు వేస్తాను, అమెరికా సీటు చేతికి వచ్చినా సరే. ఆ తరువాత ప్రత్యేక విషయంలో పోస్ట్‌డాక్టరల్ శిక్షణ కోసం విదేశం వెళ్లిరావచ్చు.

పరిశోధనే ప్రాణం అనుకునేవారి సంగతి వేరు. ఒక సమస్య మీద పదేళ్లు కూర్చోగల ఓపిక, గణాంకాల మీద ప్రేమ, నిధులు ఉన్న అమెరికన్ పీహెచ్‌డీలో చోటు, ఈ మూడూ కలిస్తే వెళ్లండి, వెనుకాడకండి. నిధులు లేని సైడీ ఆఫర్ ఒక్కటే చేతిలో ఉండి, అక్కడే స్థిరపడే హక్కు ఇంకా లేని విద్యార్థికి మాత్రం, ఇల్లు తాకట్టు పెట్టి వెళ్లమని నేను చెప్పలేను. విద్యారుణం మీద వడ్డీ చదువుకునే కాలంలోనే పేరుకుపోతుంది, రూపాయి విలువ తగ్గిన ప్రతిసారీ ఫీజు పెరుగుతుంది, లైసెన్సు చేతికి వచ్చేవరకు పూర్తి జీతం రాదు. ఒక ఏడాది ఆగి, పరిశోధన అనుభవం సంపాదించి, నిధులున్న చోటికి మళ్లీ దరఖాస్తు చేయడం వెనకబడడం ఏమీ కాదు; అమెరికన్ విద్యార్థులే చాలామంది అలా చేస్తారు.

ఎక్కడ ఆఫర్ వచ్చినా, అంగీకరించే ముందు ఇప్పుడు చదువుతున్న విద్యార్థులతో, ఆచార్యులు లేని చోట, మాట్లాడండి. రోగి ఆత్మహత్య ప్రమాదంలో ఉన్నప్పుడు రాత్రి పూట పర్యవేక్షకులకు ఫోన్ చేసే ఏర్పాటు ఉందా, పర్యవేక్షణ అనుకున్న రోజున జరుగుతుందా లేక తరచూ వాయిదా పడుతుందా, మీ ముందు మానేసినవారు ఎందుకు మానేశారు, విద్యార్థికే మానసికంగా భారమైనప్పుడు విభాగం ఎలా స్పందిస్తుంది, ఈ నాలుగూ తప్పక అడగండి. జవాబు చెప్పడానికి తటపటాయించే చోట ఆ తటపటాయింపునే సమాచారంగా తీసుకోండి.

చేరిన మొదటి రోజు నుంచి చేయవలసిన పని ఒకటి మిగిలింది. చూసిన రోగుల పేర్లు లేకుండా, ఎన్ని గంటలు పరీక్షలకు, ఎన్ని గంటలు చికిత్సకు, ఎన్ని గంటలు పర్యవేక్షణకు గడిచాయో నెలనెలా పట్టిక రాసి, పర్యవేక్షకుల పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య, సంతకంతో దాచుకోండి. ఆ ఏడాది సిలబస్ ప్రతిని కూడా దానితోనే ఉంచండి. ఏళ్ల తరువాత మరో రాష్ట్రపు బోర్డుకో, హెచ్‌సీపీసీకో, ఆర్‌సీఐకో దరఖాస్తు చేసినప్పుడు వాళ్లు అడిగేవి ఇవే. అప్పటికి పర్యవేక్షకులు పదవీ విరమణ చేసి ఉండవచ్చు, విభాగంలో పాత రికార్డులు దొరకకపోవచ్చు.